నెల్లూరు జిమ్‌కు కొలోన్ సదస్సుతో ఏం పని?

చీమకుర్తిలో క్వారీలున్నవారు ఇటలీలోని వెరోనాకో, చైనాలోని షియామెన్‌కో వెళ్లివస్తుంటారు. అక్కడి రాతి ప్రదర్శనల్లో మన గెలాక్సీ గ్రానైట్ పలకలను నిలబెట్టి, కొనేవారు ఎంత మందం అడుగుతున్నారో, ఏ పాలిష్‌కు గిరాకీ ఉందో కళ్లారా చూసుకుంటారు. ఆ ఖర్చు ఎందుకని ఒంగోలులో ఎవరూ అడగరు. రొయ్యల సాగు సంగతీ అంతే. 1990లలో వైట్ స్పాట్ తెగులు టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక విదేశాల నుంచి తల్లి రొయ్యలతో పాటు కొత్త సాగు పద్ధతులూ మన కోస్తా చెరువుల్లోకి దిగాయి. బయటి సాగును చూసి వచ్చిన మనిషి మాటకు చెరువు గట్టు మీద విలువ ఉంటుంది.

జిమ్ నడిపే మనిషి ఫిట్‌నెస్ సదస్సు కోసం జర్మనీ వెళ్తున్నానంటే మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. “అంతా యూట్యూబులో ఉంది కదా సార్” అని ట్రైనర్ అంటాడు. ఆ డబ్బుతో ఒక మంచి ట్రెడ్‌మిల్ వస్తుందని ఇంట్లో లెక్క చెబుతారు. తోటి జిమ్ యజమానులు ఫొటోల కోసం వెళ్తున్నాడనుకుంటారు. నేను నెల్లూరులో పద్నాలుగేళ్లుగా జిమ్ నడుపుతున్నాను. బయటి దేశాలకు రెండుసార్లు ఈ పని మీదే వెళ్లాను. మొదటి ప్రయాణం పూర్తిగా వృథా అయింది. రెండోది మా జిమ్ నడిచే తీరునే మార్చింది. తేడా ఎక్కడ వచ్చిందో నాకు అర్థమైన మేరకు విడమరచి చెబుతాను.

ఒకే పేరు, నాలుగు వ్యవహారాలు

గందరగోళమంతా ‘అంతర్జాతీయ సదస్సు’ అన్న మాటతోనే మొదలవుతుంది. ఆ ఒక్క మాట కింద పొంతన లేని నాలుగు వ్యవహారాలు ఉన్నాయి. వాటిని విడదీయడానికి నేను వాడే గీటురాయి ఒక్కటే: అది ఎవరి డబ్బుతో నడుస్తోంది?

జర్మనీలోని కొలోన్‌లో జరిగే ఫిబో ప్రధానంగా వ్యాపార ప్రదర్శన. 1985లో మొదలైంది. ఇప్పుడు లక్షకు పైగా జనం వస్తారు. యంత్రాలు, నేల పరుపులు, ప్రొటీన్ పొడులు, సాఫ్ట్‌వేర్, దుస్తులు అమ్మే కంపెనీలు స్టాళ్లకు కట్టే అద్దె మీద అది నడుస్తుంది. కాబట్టి అక్కడ మన చెవిన పడే మాటల్లో ఎక్కువ భాగం అమ్మకపు మాటలే అవుతాయి. అందులో తప్పేమీ లేదు, వినేవాడికి ఆ సంగతి గుర్తుంటే చాలు.

రెండోది క్లబ్ యజమానుల సంఘాలు నడిపే సభ. అమెరికాలో 1981లో ఇర్సా అన్న సంఘం ఏర్పడింది. 2024లో హెల్త్ అండ్ ఫిట్‌నెస్ అసోసియేషన్ అని పేరు మార్చుకుంది. వీరి వార్షిక సభలోనూ స్టాళ్లుంటాయి గానీ ప్రాణమంతా చర్చల్లోనే ఉంటుంది. చేరినవారు ఎందుకు మానేస్తున్నారు, అద్దె ఎంతవరకు భరించవచ్చు, ట్రైనర్లు ఏడాది తిరగకుండా ఎందుకు వెళ్లిపోతున్నారు వంటివి అక్కడి మాటలు. మన బాధలే, వేరే భాషలో.

మూడోది శాస్త్రవేత్తల సభ. 1954లో పుట్టిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఏటా జరిపే సమావేశం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ ఒక పరిశోధకుడు తన ఫలితం చెప్పగానే మరొకరు లేచి తప్పులు చూపిస్తారు. వినడం కష్టం, పదాలు కొరుకుడు పడవు. నా అనుభవంలో ఈ వృత్తికి గట్టి మేలు చేసే మాట చివరికి వచ్చేది మాత్రం అక్కడి నుంచే. నాలుగోది ట్రైనర్ల సమ్మేళనం. 1982లో అమెరికాలో మొదలైన ఐడియా అన్న ఫిట్‌నెస్ సంస్థ జరిపేలాంటిది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెమట పట్టేలా చేసి చూపించే తరగతులు ఉంటాయి. సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి కావలసిన పాయింట్లు కూడా వస్తాయి. ఏస్, నాస్మ్ వంటి అమెరికా సంస్థలు ఇచ్చే ట్రైనర్ సర్టిఫికెట్లు ఉన్నవారు రెండేళ్లకోసారి 20 గంటల చదువు చూపించాలి. ఆ గంటలు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద కూడా పూర్తి చేయవచ్చు. కేవలం పాయింట్ల కోసమైతే విమానం ఎక్కవలసిన పని లేదు.

నేను మొదటిసారి వెళ్లింది గల్ఫ్‌లో జరిగిన ఒక ప్రదర్శనకు. చెన్నై నుంచి నాలుగు గంటల ప్రయాణం. ఏం చూడాలో, ఎవరిని అడగాలో ఒక్క ముక్క రాసుకోకుండా వెళ్లాను. రెండు రోజులు స్టాళ్ల మధ్య తిరిగి, నిలబడితే ఒళ్లంతా కంపించే యంత్రం ఒకటి ఆర్డర్ ఇచ్చి వచ్చాను. పది నిమిషాలు నిలబడితే గంట వ్యాయామంతో సమానమని అక్కడివాళ్లు చెబితే నమ్మాను. యంత్రం వచ్చిన ఏడాదికి మోటారు చెడిపోయింది. దాన్ని బాగుచేసే మనిషి నెల్లూరులో లేడు, చెన్నైలో లేడు. విడిభాగం కోసం రాసిన ఉత్తరాలకు ఆ కంపెనీ జవాబివ్వలేదు. సముద్రపు గాలికి కింది బోల్టులు తుప్పు పట్టాయి. ఆ డబ్బంతా మా మెంబర్లు నెలనెలా కట్టిన ఫీజు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ప్రదర్శనలో యంత్రం కొనాలనుకునేవారు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. అమెరికా మార్కెట్ కోసం చేసిన యంత్రం అక్కడి 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకు తగినది, మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సర్వీసు చేసే మనిషి కనీసం చెన్నైలోనో హైదరాబాదులోనో ఉండాలి. మూడోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ ఫీజుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మెంబర్లకు అది మంచి వార్త. కానీ ఆ 5 శాతంతో పాటు ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. అంటే యంత్రం కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని ఇదివరకటిలా సర్దుబాటు చేసుకోలేము, అది మన నెత్తినే పడుతుంది. స్టాలులో చెప్పే ధరకు ఈ భారం కలుపుకుని చూడండి.

యూట్యూబులో లేనిది

రెండోసారి 2019 ఏప్రిల్‌లో కొలోన్‌కు వెళ్లాను. రైన్ నదికి ఇవతల ప్రదర్శనశాలలు, అవతల ఆ పెద్ద చర్చి. మధ్యనున్న రైలు వంతెన కంచెకు ప్రేమికులు వేలాదిగా తాళాలు కట్టారు. ఈసారి జేబులో చిన్న నోటు పుస్తకం ఉంది, అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. అరవై దాటినవారికి ఏం చేయించాలి? కొత్తగా చేరినవారు రెండో నెలలో ఎందుకు మాయమవుతున్నారు? కాసేపు గట్టిగా, కాసేపు ఆగుతూ వేగంగా చేయించే హెచ్.ఐ.ఐ.టి. తరగతుల్లో కొందరికి కళ్లు తిరుగుతున్నాయి, మేం చేస్తున్న తప్పేమిటి? నాలుగోది అప్పుడు నాకు అంత ముఖ్యంగా తోచలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

మూడో ప్రశ్నకు జవాబు దొరికిన తీరు చెప్పాలి. హెచ్.ఐ.ఐ.టి.లో ఒక రకమైన ‘తబాటా’ పేరు మన జిమ్‌లలో వినే ఉంటారు. 20 సెకన్లు గట్టిగా చేయడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఎనిమిది సార్లు. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి అందరికీ ఇష్టం. మా దగ్గరా ఉదయం బ్యాచ్‌లో నడిపించేవాళ్లం. ఒక చిన్న హాల్లో ఇదే విషయం మీద ఉపన్యాసం ముగిశాక వెనక వరుసలోని ఒకావిడ లేచి, అసలు ప్రయోగంలో ఎవరి మీద, దేని మీద, ఎంత తీవ్రతతో చేశారో చెప్పండని ఉపన్యాసకుణ్ని నిలదీసింది. అతను తడబడ్డాడు. ఆవిడే జవాబు చెప్పింది. జపాన్‌కు చెందిన ఇజుమి తబాటా 1996లో ప్రచురించిన పరిశోధన అది. కుర్రవాళ్లను కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి, గుండె, ఊపిరితిత్తులు అందించగల గరిష్ఠ ప్రాణవాయువుకు తగిన శ్రమకన్నా ఎక్కువగా, 170 శాతం తీవ్రతతో తొక్కించారు. ఏడెనిమిది విడతలకే కాళ్లు ఆడని స్థితి వస్తుంది. అలాంటిది వారానికి నాలుగు రోజులు, ఐదో రోజు కాస్త తేలికగా, ఇలా ఆరు వారాలు.

మేం చేయించింది ఏమిటి? పొద్దున కాఫీ తాగి వచ్చిన నలభై ఐదేళ్ల దుకాణదారులతో ఎగిరి దూకే బస్కీలు. పేరు తబాటాది, సాక్ష్యం మాత్రం వేరే మనుషులది. అందులో సగం మందికి ఆ తీవ్రత అందదు కాబట్టి ఆ ఫలితం రాదు. మిగతా సగం మంది అందుకోవాలని ప్రయత్నించి, కళ్లు తిరిగి మోకాళ్లు పట్టుకుంటారు.

ఆ పరిశోధన వ్యాసం ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. నిజమే. కానీ వెతకాలని తోచడానికే ముందు ఎవరో ఒకరు మనలో అనుమానం పుట్టించాలి. ఫోనులో మనకు ఎదురయ్యే వీడియోలన్నీ మనం ఇదివరకు ఇష్టపడినదాన్నే మళ్లీ వడ్డిస్తాయి. ఎదురు ప్రశ్న వేసే ఆవిడ వాటిలో ఉండదు. సదస్సుకు వెళ్లడంలోని అసలు విలువ నాకు అక్కడే కనిపించింది. మనం గౌరవించే మనిషి కూడా పది మంది ముందు సవరణ ఒప్పుకోవలసి రావడాన్ని చూస్తాము. తిరిగొచ్చాక మన తరగతిని మనమే అడగడం మొదలుపెడతాము.

రెండో ప్రశ్నకు జవాబు ఉపన్యాసంలో దొరకలేదు, భోజనాల బల్ల దగ్గర దొరికింది. పోర్చుగల్‌లో చిన్న ఊళ్లో క్లబ్ నడిపే ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. మాదాని కన్నా కాస్త పెద్దది, అంతే. కొత్తవాళ్లు మొదటి నెలలో వారానికి ఎన్నిసార్లు వస్తున్నారో రాసుకుంటారట. రాక తగ్గగానే ఫీజు గుమాస్తా కాకుండా ఆ మనిషికి నేర్పే ట్రైనరే ఫోను చేస్తాడట. అంతే విద్య. నెల్లూరు వచ్చి మా హాజరు రిజిస్టర్లు తీసి చూస్తే మానేసినవారిలో ఎక్కువ మంది మొదటి మూడు వారాల్లోనే తగ్గిపోయారు. మేం మాత్రం మూడో నెల ఫీజు రానప్పుడు ఫోను చేసేవాళ్లం.

అయితే ఆయన చెప్పింది చెప్పినట్టు ఇక్కడ పనిచేయలేదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవారు నలభై ఒక్క రోజులు రారు, అది మానేయడం కాదు. రంజాన్ నెలలో కోటమిట్ట నుంచి వచ్చే కుర్రవాళ్లు పొద్దున మాని తరావీహ్ నమాజు తర్వాత రాత్రి పదింటికి వస్తామంటారు. పెళ్లిళ్ల ముహూర్తాలు, వరి కోతలు, పిల్లల పరీక్షలు అన్నీ హాజరు మీద పడతాయి. కాబట్టి మా రిజిస్టర్‌లో కారణం రాసే గడి ఒకటి పెట్టాం. మాల తీసిన మర్నాడే ట్రైనర్ ఫోను చేస్తాడు. రంజాన్ నెలంతా రాత్రి బ్యాచ్ నడుస్తుంది. తిరిగి వచ్చేవారు బాగా పెరిగారు. ఇక్కడ జిమ్ ఏడాది ఫీజు పన్నెండు వేలనుకుంటే, పదహారు, పదిహేడు మంది మానకుండా ఆగితే ఆ ప్రయాణం ఖర్చు తిరిగొచ్చినట్టే.

ఒక కుర్చీ

ఇక మొదటి ప్రశ్న. ఆ ప్రదర్శనలో కార్లంత ఖరీదు చేసే యంత్రాల మధ్య, ఒక మూల గదిలో, తెల్ల జుట్టు ఆవిడ ఒకరు మామూలు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకున్నారు. పక్కనున్న మనిషి గడియారం చూసి మొదలుపెట్టమనగానే పూర్తిగా లేచి నిలబడడం, మళ్లీ కూర్చోవడం. 30 సెకన్లలో ఎన్నిసార్లని లెక్క. అంతకన్నా ఏమీ లేదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ఫుల్లర్టన్‌లో రాబర్టా రిక్లీ, జెస్సీ జోన్స్ అనే ఇద్దరు 1990ల చివర్లో పెద్దవారి కోసం తయారు చేసిన పరీక్షల్లో అది ఒకటి. కుర్చీ ఎత్తు 17 అంగుళాలు ఉండాలి. 65 నుంచి 69 ఏళ్ల ఆడవారు 11 కన్నా తక్కువ సార్లు లేస్తే, కాళ్ల బలం సగటు కన్నా తక్కువ, పడిపోయే ప్రమాదం ఎక్కువ అని గుర్తు.

తిరిగొచ్చాక మా జిమ్‌లో ఆఫీసు కుర్చీ కొలిచాను. సరిగ్గా సరిపోయింది. దాన్ని గోడకు ఆనించి పెట్టాం. మొదట కూర్చున్నది మూలాపేట నుంచి వచ్చే రిటైర్డ్ టీచరమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఆవిడ అప్పటిదాకా మా దగ్గర ట్రెడ్‌మిల్ మీద నెమ్మదిగా నడిచి వెళ్లిపోయేవారు. ముప్పై సెకన్లలో ఏడుసార్లు లేచారు. ఎనిమిదోసారి తొడలు వణికి చేయి కుర్చీ మీద పడింది. ఆమె ముఖంలో సిగ్గు కనిపించి నాకు బాధ వేసింది. ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు ఆమెకు బరువులు పెట్టాం, చాలా కొద్దిగా మొదలుపెట్టి. మూడు నెలలకు పన్నెండుసార్లు లేచారు. ఆ అంకె కన్నా ఆమె చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: “బాత్రూములో గోడ పట్టుకోకుండా లేస్తున్నాను నాయనా.”

అరవై దాటాక బరువులు ఎత్తకూడదని మన ఊళ్లో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పదిమంది మీద చేసిన ప్రయోగం 1990లోనే అచ్చయింది. వాళ్ల సగటు వయసు 90. ఎనిమిది వారాలు బరువులతో కాళ్లకు వ్యాయామం చేయిస్తే, చివరిదాకా ఉన్న తొమ్మిదిమంది బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ సంగతి బోస్టన్ నుంచి నెల్లూరు మాగుంట లేఅవుట్‌కు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. పెద్దలకూ వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. సదస్సులు చేయగలిగినది ఈ ఆలస్యాన్ని తగ్గించడం. ఆ ముప్పై ఏళ్లలో మన ఇళ్లల్లో ఎందరు అమ్మమ్మలు తుంటి ఎముక విరిగి మంచం పట్టారో తలచుకుంటే, ఇది వ్యాపారం సంగతి మాత్రమే అని నేను అనుకోలేను.

అక్కడి లెక్క, ఇక్కడి ఒళ్లు

తెచ్చుకున్నదంతా మనకు సరిపోదు. దీనికి నేను మా ట్రైనర్లకు చూపించే ఫొటో ఒకటుంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తు, బరువుల లెక్క కట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడడానికి ఇద్దరూ సన్ననివారే.

మన ఒంటి తీరు ఇది. అందుకే 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావాసులకు 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలన్నారు. విదేశాల నుంచి వచ్చే చాలా తూకపు యంత్రాలు 25 దాకా పచ్చ రంగు చూపిస్తాయి. 24 వచ్చిన మన మెంబరు అది చూసి సంతోషంగా ఇంటికి వెళ్తాడు. దేశంలో పది కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. ఆ పచ్చ రంగును నమ్మి ఊరుకోవడానికి వీల్లేదు. మేం ఆ యంత్రం పక్కన తెలుగులో ఒక కాగితం అంటించాం, నడుముకు టేపు పెట్టి కొలుస్తున్నాం.

ఎండ సంగతీ అంతే. చల్లటి హాల్లో నేర్పిన గంట తరగతిని మే నెలలో నెల్లూరులో కరెంటు పోయిన వేళ నడిపితే ప్రాణాల మీదికి వస్తుంది. మా వేసవి తరగతులు తెల్లవారుజామున ఐదింటికి మొదలై ముప్పై ఐదు నిమిషాల్లో ముగుస్తాయి.

ప్రాణాల మాట వచ్చింది కాబట్టి నాలుగో ప్రశ్న దగ్గరికి వస్తాను. వ్యాయామం చేస్తూ ఎవరైనా కూలిపోతే ఏం చేయాలి అన్నది ఆ ప్రశ్న. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ నలభై ఆరేళ్లకే గుండె ఆగి చనిపోయారు. మరో నాలుగు నెలలకు, 2022 ఫిబ్రవరి 21న, మన ఆత్మకూరు శాసనసభ్యుడు, అప్పటి పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి గుండెపోటుతో పోయారు. ఆయనకు యాభై ఏళ్లు. ఒంటి మీద శ్రద్ధ ఉన్న మనిషిగా ఆయన్ని జిల్లా అంతా ఎరుగును. ఆ వారం మా జిమ్‌లో మాట్లాడుకున్నది ఒక్కటే: వ్యాయామం చేయాలా, మానాలా? ఇంట్లో ఆడవాళ్లు ఫోను చేసి మా ఆయన్ని పంపవద్దంటారా అని అడిగారు.

జవాబు చెప్పగలిగానంటే కొలోన్‌లో ఒక సెషన్‌లో రాసుకున్న పేజీ వల్లే. ఎవరికి ముందు డాక్టరు పరీక్ష అవసరమన్న దానిపై అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2015లో తన పద్ధతి మార్చుకుంది. వయసు, తక్కిన ముప్పు కారణాలను కూడి లెక్కవేయడం మాని మూడు సంగతులు అడగమంది. ఇప్పుడు ఎంత వ్యాయామం చేస్తున్నారు? గుండె, మధుమేహం, మూత్రపిండాల జబ్బు గానీ వాటి లక్షణాలు గానీ ఉన్నాయా? ఇక మీద ఎంత తీవ్రంగా చేయాలనుకుంటున్నారు? అసలు కదలని మనిషి ఒక్కసారిగా తీవ్రమైన వ్యాయామానికి దిగడమే పెద్ద ముప్పు. ఈ మూడు ప్రశ్నలు ఇప్పుడు మా చేరిక ఫారంలో మొదటి పేజీలో తెలుగులో ఉన్నాయి. ఛాతీలో బిగువు, మెట్లెక్కితే ఆయాసం అని ఎవరు రాసినా మా ఊళ్లో పొగతోటలోని ఎవరో ఒక డాక్టరు చీటీ తెచ్చేవరకు బరువు ముట్టనివ్వము. ట్రైనర్లందరూ సీపీఆర్ నేర్చుకున్నారు: గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం. ఆరు నెలలకోసారి బొమ్మ మీద మళ్లీ చేయిస్తాను.

ఎవరు వెళ్లాలి

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. యజమాని వెళ్లడం కన్నా ట్రైనర్ వెళ్లడం మేలు. మెంబరు భుజం మీద చేయి వేసి భంగిమ సరిచేసేది ట్రైనర్. టీచరమ్మ తొడ వణికినప్పుడు పక్కనున్నదీ ట్రైనరే. అయినా మన ప్రాంతం నుంచి ఇలాంటి సభలకు వెళ్లేవారిలో నేను చూసినంతలో దాదాపు అందరూ యజమానులే. పదిహేను, ఇరవై వేల జీతం మీద బతికే ట్రైనర్‌కు ఆ ఆలోచనే రాదు.

ఖర్చు నిజంగానే ఎక్కువ. యూరప్ వెళ్లాలంటే టికెట్, వీసా, బస, తిండి, ప్రవేశ రుసుము కలిపి మనిషికి సుమారు రెండు లక్షలు అనుకోవాలి. జర్మనీ వంటి యూరప్ దేశాలకు కావలసిన షెంగెన్ వీసా రుసుము ఒక్కటే 90 యూరోలు, పైగా 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అమెరికా వీసాకు దరఖాస్తు రుసుమే 185 డాలర్లు. డబ్బు కన్నా పెద్ద అడ్డంకి కాగితాలు. జీతం చేతికి నోట్లుగా ఇచ్చే జిమ్‌లో పనిచేసే కుర్రవాడికి బ్యాంకు ఖాతాలో ఏమీ కనిపించదు, ఆదాయపు పన్ను రిటర్న్ ఉండదు. వీసా అధికారి ఎలా నమ్ముతాడు? ట్రైనర్‌ను పంపాలనుకునే యజమాని కనీసం ఏడాది ముందు నుంచి జీతం బ్యాంకులో వేయాలి, నియామక పత్రం ఇవ్వాలి. సదస్సు సంగతి ఎలా ఉన్నా అది ఆ మనిషికి దక్కవలసిన మర్యాద.

మేం కనిపెట్టిన దారి ఒకటి ఉంది. నెల్లూరులో నాలుగు జిమ్‌లు, కావలిలో ఒకటి, ఒంగోలులో రెండు కలిసి నెలకు కొంత చొప్పున వేసుకుంటున్నాం. పంపేది ఒక్కరిని. షరతు ఏమిటంటే వెళ్లేముందు అన్ని జిమ్‌ల ట్రైనర్ల నుంచి ప్రశ్నలు రాసుకోవాలి, వచ్చాక వరుసగా మూడు ఆదివారాలు అందరికీ తెలుగులో చెప్పాలి, చేసి చూపించాలి. చెప్పడానికి కూర్చుంటేనే తనకు ఏది అర్థం కాలేదో వెళ్లివచ్చిన మనిషికి తెలుస్తుంది. మొదటి సంవత్సరం దూరం పోనక్కర్లేదు, ముంబయిలోనో దుబాయిలోనో జరిగే వాటితో మొదలుపెట్టవచ్చు. అక్కడ ప్రొటీన్ పొడుల స్టాళ్ల హోరు ఎక్కువ. 2024లో కేరళ వైద్యుల బృందం మన మార్కెట్లోని 36 పొడులను పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రొటీన్ అంకె తప్పని తేలింది. ఆ వ్యాసం ప్రతి వెళ్లేవారి చేతిలో పెడుతున్నాం.

ఇంకో మాట. కొలోన్‌లో ఇనుప గద తిప్పడం నేర్పే తరగతికి డబ్బు కట్టి జనం బారులు తీరారు. మన పాతకాలపు వ్యాయామశాలలైన తాలింఖానాల్లో దండీలు, బస్కీలతో పాటు ముద్గరాలనే కర్ర గదలు తిప్పేవారు. వాటిని చూసి నేర్చుకున్న బ్రిటిష్ సైనికులు ‘ఇండియన్ క్లబ్స్’ పేరుతో తమ దేశానికి తీసుకెళ్లారు. 1904లోనూ 1932లోనూ ఆ విద్య ఒలింపిక్స్‌లో పోటీగా కూడా జరిగింది. ఆ తరగతిలో నేర్పుతున్న కుర్రవాడికి అది ఎక్కడిదో సరిగ్గా తెలియదు. నేను చెబితే ఆశ్చర్యపోయి, మళ్లీ ఏడాది నువ్వే వచ్చి చెప్పు అన్నాడు. చాలా సదస్సులు నెలల ముందే ఉపన్యాస ప్రతిపాదనలు ఆహ్వానిస్తాయి. మన పెద్ద పహిల్వాన్లు ఉండగానే ఆ విద్యను వీడియో తీసి, కొలతలతో రాసి పెట్టుకోవాలని నాకు బలంగా ఉంది. వినడానికి మాత్రమే కాక చెప్పడానికీ మనవాళ్లు అక్కడికి వెళ్లాలి.

ఈసారి వెళ్లేది మా దగ్గర ఆడవారి బ్యాచ్ నడిపే అమ్మాయి. పదిన్నర నుంచి పన్నెండు దాకా ఆమె తరగతి. వీసా కాగితాలు సర్దుకుంటూనే ప్రశ్నలు రాసుకుంటోంది. మొన్న ఆ పుస్తకం నా చేతికిచ్చింది. మొదటి పేజీలో రెండే వాక్యాలున్నాయి. “సార్, మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. నా బ్యాచ్‌లో ఆపరేషన్ అయిన తల్లులే ఎక్కువ, వాళ్లతో ఎన్ని నెలలకు, ఎంత బరువు నుంచి మొదలుపెట్టించాలో ఇక్కడ నాకు ఎవరూ కచ్చితంగా చెప్పడం లేదు.”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సెషన్ ఏ సదస్సులో ఉందో ఇద్దరం కలిసి వెతుకుతున్నాం.